కొండకింది జాగా

పులుసులో ఉప్పు వేసిందా లేదా, వేసినట్టే ఉంది, వేళ్లకి ఉప్పుపలుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి, కానీ అది సంగటి ఎసట్లో వేసిన ఉప్పేమో, అన్నకి ఉప్పు ఒక పిసరు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువైతే మాత్రం గిన్నె పక్కకి నెట్టేస్తాడు, చిన్నప్పటినుంచీ అంతే, గరిటెతో కొంచెం పులుసు అరచేతిలో వేసుకుని నాకి చూసింది భువనేశ్వరి, ఉప్పుంది, కారం ఉంది, ధనియాల వాసన ముక్కుకు తగులుతోంది, ఆ మాత్రానికే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏమి మనిషివే నువ్వు, కోడి పులుసులో ఉప్పు సరిపోతే ఏడుస్తారా ఎవరైనా, కాదు, ఇది ఏడుపు కాదు, ఇన్ని రోజులూ గొంతులో అడ్డంపడి ఉన్న ముద్ద ఇవాళ పొద్దున కిందికి దిగింది, అంతే, అన్న వస్తున్నాడు భోజనానికి, మీటింగు అయిపోగానే పుత్తూరు నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు, భువనా, మధ్యాన్నం మీ ఇంట్లోనే తింటా, సంగటి చెయ్యి అని, ఏమీ జరగనట్టు, ఇన్నాళ్లూ జరిగిందంతా ఎవరి ఇంట్లోనో జరిగినట్టు, ఆ గొంతు వినగానే సరే అన్నా అంది, అనకుండా ఎట్లా ఉంటుంది, ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు, పైగా వాడు మాట నిలబెట్టుకున్నాడు, చెల్లెలికి ఇచ్చిన మాట, ఆ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు, తనకీ అన్నకీ తప్ప.

పుత్తూరు కల్యాణమండపంలో పొద్దున ఎంత జనం, నగరి చుట్టుపక్కల మరమగ్గాల సంఘాలవాళ్లందరూ వచ్చారు, ఆడవాళ్లు వెనక వరసల్లో, ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు, పక్కన కూర్చున్న జ్ఞానాంబ చెయ్యి పట్టుకుని వదల్లేదు, వదినా నీ అన్న ఏమంటాడో ఏమో అని ఆమె గొణుగుతూనే ఉంది, మిట్టపాళెంలో జ్ఞానాంబ ఇంట్లో ఉన్నది ఒకే మగ్గం, రంగు నూలు ఆరేసుకునే కొండకింది జాగా పోతే ఆ మగ్గం కూడా ఆగిపోతుంది, అప్పుడు అన్న మైకు దగ్గరికి వచ్చాడు, తెల్ల చొక్కా, మెడలో ఎవరో వేసిన జరీ కండువా, నగరి పట్నంలోని పెద్ద సంఘానికి అన్నే, ఆదిమూలమే అధ్యక్షుడు, వాడు లేస్తే హాలంతా సద్దుమణిగిపోతుంది, అందరూ వినండప్పా, కొండకింది జాగాను బలవంతంగా తీసుకునేది లేదు, నాకు బలం వాడాల్సిన పని లేదు, వాడాలనీ లేదు, వాడను, మిట్టపాళెం వాళ్లు యెవురో పరాయోళ్లు కాదు, ఒక మంచి ఒప్పందానికి దోవ పడింది, దాంట్లో ఏముండాదనేది నిదానంగా చెప్తా, అన్నాడు, చప్పట్లు, ఒకటే చప్పట్లు, ముందు వరసలో కూర్చున్న తన భర్త ధనశేఖర్ మాత్రం చప్పట్లు కొట్టలేదు, మిట్టపాళెం చిన్న సంఘానికి ఆయనే కదా పెద్ద, ఒప్పందం అంటూ కుదిరితే ఆయనతోనే కదా కుదరాలి, ఏ ఒప్పందమో ఆయనకే తెలియదు, అయినా పోనీ, ఒప్పందం ఉంటే ఏమి లేకపోతే ఏమి, తీసుకోనన్నాడు, అది చాలు, ఆ మాట అంటున్నప్పుడు అన్న చూపు ఆడవాళ్ల వైపు తిరిగింది, నా కోసమే తిరిగింది, నువ్వు అడిగినావు గదా భువనా, ఇదిగో అన్నట్టు, జ్ఞానాంబ ఈమె భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది, భువనేశ్వరి మాత్రం ఏడవలేదు, గర్వంగా ఉంది, నా అన్న, అని అందరికీ వినబడేటట్టు అరవాలనిపించింది.

గర్వం పడటానికి ఏముంది అంటాడు ధనశేఖర్, అనలేదు, అన్నట్టు చూశాడు బస్సులో వచ్చేటప్పుడు, కిటికీ పక్కన కూర్చుని నగరి ముక్కుకొండనే చూస్తూ వచ్చాడు, బావా, అన్న మాట ఇన్నావా, అంటే ఊఁ అన్నాడు, అది కూడా బస్సు శబ్దంలో సగమే వినబడింది, కాసేపటికి ఆయనే అన్నాడు, తీసుకోనని చెప్పినాడు సరే, తీసుకుంటానని చెప్పిండేది యాడికి పోతాది భువనా, అని, ఏమిటా మాట, మనిషి తప్పు దిద్దుకుంటే ఒప్పుకోవాలి గదా, అంత మొండితనం పనికిరాదు, అనుకుంది, కానీ అంతలోనే కిటికీ చువ్వ పట్టుకోబోయి ఆయన చెయ్యి భుజం ఎత్తు దాటలేక ఆగిపోవడం చూసింది, కుడిచెయ్యి, చిత్తూరులో కలెక్టరాఫీసు ముందర కరెంటు చార్జీల మీద రెండు సంఘాలూ కలిసి ధర్నాకి కూర్చున్నప్పుడు తగిలిన దెబ్బ అది, లాఠీ అన్న తల మీదికి వస్తుంటే ఈయన చెయ్యి అడ్డం పెట్టాడు, ఇప్పటికీ తల దువ్వుకోవాలంటే ఎడమచేత్తోనే, ఆ రోజు ఆస్పత్రి వరండాలో అన్న ఎంత ఏడ్చాడో, బావా నా తల కాపాడినావు, నీ సంఘం వేరే నా సంఘం వేరే కాదు ఇంక, నీమీద ఈగ వాలినా నా మీద వాలినట్టే అని, అందరి ముందరా, నర్సులు నవ్వుతుంటే కూడా, అది అబద్ధం కాదు, ఆ ఏడుపు అబద్ధం కాదు, తను పక్కనే ఉంది, ఆ కన్నీళ్లు తన కొంగుతోనే తుడిచింది.

మరి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, పొయ్యి తగ్గించి సంగటి కెలుకుతూ మళ్లీ అదే లెక్క వేసుకుంటోంది, ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా తేలదు, తమ చుట్టం మురుగేష్ కూతురి పెళ్లిలో కదా మొదటిసారి అన్నది, పంక్తిలో కూర్చుని పాయసం జుర్రుకుంటూ, బావా, ఆ కొండకింది జాగా నాకిచ్చేయరాదా అని, అందరూ నవ్వారు, ధనశేఖర్ కూడా నవ్వి, ఒరే ఆదిగా, నీ అప్పళం ముందు తిను, తర్వాత నా జాగా తిందువు అన్నాడు, ఆ మాట ఆ నవ్వుతోనే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది, కానీ వారం తిరక్కుండా పట్నం మీటింగులో మైకు ముందర అదే మాట, ఈసారి నవ్వు లేకుండా, పట్నం బోర్లన్నీ ఉప్పునీళ్లు, ఆ నీళ్లకి నూలు రంగు పట్టదు, మిట్టపాళెం వాళ్లకి కొండకింద తియ్యటి నీళ్లుండాయి, రంగులద్ది ఆరేసుకునేదానికి రెండెకరాల చదును ఉండాది, కానీ వాళ్లు పట్టుమని పదిళ్లు కూడా లేరు, దాన్ని కాపాడుకునే శక్తి వాళ్లకి లేదు, రేపు అరవదేశం సేటు ఎవడో వచ్చి కాజేస్తాడు, వాడి చేతిలో పడేదానికంటే నా చేతిలో ఉంటేనే భద్రం, మంచిగా ఇస్తే మంచిగా, లేకుంటే ఇంకోరకంగా, అట్లా ఇట్లా కాదు, తీసుకునేది మాత్రం ఖాయం, ఎవరో సెల్‌ఫోన్‌లో పట్టి పంపితే ఆ వీడియో మిట్టపాళెంలో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది, మామగారి కాలంలో ఆడా మగా కలిసి బండలు ఎత్తి, ముళ్లకంపలు కొట్టి చదును చేసుకున్న నేల అది, పెళ్లయి వచ్చిన కొత్తలో తనూ అక్కడ తడి నూలు మోసింది, ఎర్రనూలు, ఆకుపచ్చనూలు, వెదుళ్ల మీద వరసగా ఆరేస్తే కొండకింద పండగలాగా ఉండేది, దాన్ని పట్టుకుని ఇంకోరకంగా అంటాడా, నా అన్న, ఇంకోరకంగా అంటే ఏరకంగా, ఆ రాత్రి ధనశేఖర్ మాత్రం, తమాషాకి అనింటాడులే, వాడి నోరు నాకు తెలీదా అన్నాడు, ఆయనే అన్నాడు, ఇవాళ బస్సులో అట్లా మాట్లాడిన మనిషి ఆనాడు అన్ననే వెనకేసుకొచ్చాడు.

తర్వాత ముగ్గుపిండి, అది గుర్తొస్తే చేతుల్లో గరిటె ఆగిపోతుంది, పొద్దున్నే నూలు ఆరెయ్యడానికి వెళ్లిన ఆడవాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చారు, కొండకింది జాగా అంతా తెల్లటి గీతలు, కొలతలు వేసి గీసిన గీతలు, ఇక్కడ షెడ్డు, ఇక్కడ తొట్లు, ఇక్కడ గేటు, అన్న మనుషులు వచ్చి గీసిపోయారు, నూలు ఆరేసే దండేల కింద కూడా ఒక గీత, ఈమె వెళ్లి చూసింది, కాలితో చెరపబోయి ఆగింది, ముగ్గుపిండి కదా, తొక్కడానికి కాలు రాలేదు, పట్నంలో పుట్టింటి వాకిట్లో తను వేసిన ముగ్గుల్ని అన్న సైకిలుతో తొక్కేస్తే తను ఏడ్చేది, వాడే మళ్లీ పిండి తెచ్చిచ్చేవాడు, జయరామయ్య తాత, మిట్టపాళెంలో అందరికంటే పెద్దవాడు, గీతల మధ్య నిలబడి, అమ్మాయ్, ఇదేందిది, మనం బతికే ఉండాము గదా అన్నాడు, ఆయన ఎవరినీ తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది, అక్కడ ఉన్న ఆడవాళ్లు ఎవరూ ఈమె మొహంలోకి చూడలేదు, నీళ్ల దగ్గర మాటలు ఆగిపోయాయి, తను వెళ్తే ఆగిపోయేవి, ఆదిమూలం చెల్లెలు, అంతే, ఇన్నేళ్లు వాళ్లతో కలిసి నూలు మోసినా, వాళ్ల పిల్లలకి నలుగులు పెట్టినా, ఒక్క పొద్దులో ఆదిమూలం చెల్లెలు అయిపోయింది.

అందుకే వెళ్లింది అన్న ఇంటికి, ఎవరికీ చెప్పకుండా, ధనశేఖర్ మగ్గం దగ్గర ఉంటే కూరగాయలకని చెప్పి బస్సెక్కింది, మొన్ననే కదా, అన్న వరండాలో ఉయ్యాల మీద కూర్చుని ఉన్నాడు, చెవిలో ఫోను తాలూకు బుడిపె, వదిన వనజాక్షి నీళ్లు తెచ్చిస్తే తాగకుండానే అన్న కాళ్ల దగ్గర కూర్చుంది, అన్నా, నాకు ఈ ఇల్లు వొద్దు, పసుపుకుంకాలొద్దు, చీరలొద్దు, ఆ జాగా మాట వొదిలేయన్నా, ఆడ నేను తలెత్తుకుని తిరగలేకుండా ఉండా, నువ్వు తీసుకునేది ఎవురో మిట్టపాళెం వాళ్ల జాగా కాదన్నా, నేను అన్నం తినే పళ్లెం, అంది, ఇంకా ఏమేమి అందో గుర్తు లేదు, ఏడుస్తూ అంది, అన్న చెయ్యి తన తల మీద పెట్టాడు, మెల్లగా నిమిరాడు, సరేలే, సరేలే, నేను సూసుకుంటా, అన్నాడు, ఆ తర్వాత ఒసే వనజా, భువనకి అన్నం పెట్టు అన్నాడు, ఆ సరేలే అనే మాటని పైటకొంగున ముడేసుకున్నట్టు తెచ్చుకుంది బస్సులో, ఎవరికీ చెప్పలేదు, ధనశేఖర్‌కి కూడా చెప్పలేదు, అన్న పరువు పోతుంది, చెల్లెలు వచ్చి ఏడిస్తే తగ్గాడని అనుకుంటారు, తగ్గనీ, ముందు తగ్గనీ, అని మొక్కుకుంది, తిరుపతి కొండకి నడిచి వస్తానని, మోకాళ్లు నొప్పులైనా మెట్లన్నీ నడిచే వస్తానని, ఇవాళ తగ్గాడు, మొక్కు తీర్చాలి, రేపో ఎల్లుండో, పులుసు దించింది, వడలకి నూనె పెట్టింది, బయట కారు ఆగిన శబ్దం.

మొహం కడుక్కుని బొట్టు సరిచేసుకుని వాకిట్లోకి పరిగెత్తింది, అన్న ఒక్కడే వచ్చాడు, డ్రైవరుని పట్నంలోకి పంపించేశాడు, గంటాగి రమ్మని, కండువా లేదు, చొక్కా చంకల కింద తడిసి ఉంది, కొంచెం అలసిపోయాడు పాపం, ఏం భువనా, వాసన రోడ్డు దాకా వస్తా ఉండాది అన్నాడు, ఆ మాటకే సగం ప్రాణం లేచొచ్చింది, లోపల మగ్గం ఆగింది, ధనశేఖర్ బయటికి వచ్చాడు, చేతులకి అంటిన నూలు పోగులు దులుపుకుంటూ, ఇప్పుడు అంటాడు, ఒరే ఆదిగా అంటాడు, అంటే చాలు, మళ్లీ అన్నీ మామూలైపోతాయి, రాప్పా, కూర్చో, అన్నాడు ధనశేఖర్, రాప్పా, నూలు ఏజెంటు వచ్చినా అంతే అంటాడు, కరెంటు మీటరు చూసేవాడు వచ్చినా అంతే అంటాడు, అన్న అది గమనించాడో లేదో, కాళ్లు కడుక్కుని చాప మీద కూర్చున్నాడు, ధనశేఖర్ ఎదురుగా కూర్చున్నాడు, కాళ్లకి నీళ్లు తనే ఇచ్చాడు, ఫ్యాను తన వైపు ఉంటే అన్న వైపు తిప్పాడు, నడుం వెనక దిండు పెట్టాడు, మర్యాదలో ఏ లోటూ లేదు, అదే, అదే భయంగా ఉంది భువనేశ్వరికి, వీళ్లిద్దరూ తిండి దగ్గర కూర్చుంటే ఇల్లు ఎగిరిపోయేది, కోడికాలు కోసం కొట్టుకునేవాళ్లు ఈ వయసులో కూడా, నువ్వు లావైపోయినావు బావా నీకు కాలొద్దు అని వాడు, నీకు బుర్ర లేదు నీకు మెదడు వెయ్యమంటా అని ఈయన, ఇవాళ కోడికాళ్లు రెండూ అన్న పళ్లెంలోనే వెయ్యమని ధనశేఖర్ కళ్లతో చెప్పాడు, ఆమె వేసింది, అన్న తిన్నాడు, వానల గురించి మాట్లాడారు, మామిడికాయలు ఈసారి రాలిపోయాయని మాట్లాడారు, సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఆమె పులుసు పోసింది.

ఇంకొంచెం వెయ్యి, ఇదే గదా తిండంటే, అన్నాడు అన్న, రెండు వారాలుగా నిద్రలేదు బావా, ఆ సేలం సేటు పీక్కుతిన్నాడు, గొడవలుండే తావుకి నూలు పంపను పో అన్నాడు, నూలు లారీ దోవలోనే ఆపేసినాడు, ఈరోడు వాళ్లూ అదే మాట, చిన్నోళ్ల జాగా లాక్కునేవాడికి మేము నూలు అప్పియ్యము అని, పట్నంలో మగ్గాలు సగం ఆగిపోతే నా సంఘంలో వాళ్లే నన్ను దించేస్తారు, అందుకే ఇప్పుడొద్దులే అనుకున్నా, ముందు లారీలు కదలనీ, అన్నాడు, వేలికి అంటిన పులుసు నాకుతూ, మామూలుగా, బస్సు ఎందుకు ఆలస్యమైందో చెప్పినట్టు, ధనశేఖర్ తలెత్తలేదు, అవునప్పా, నూలు లేకుంటే ఎట్ల జరుగుతాది అన్నాడు, భువనేశ్వరి చేతిలో గరిటె, గరిటె నుంచి పులుసు చుక్కలుగా చాప మీద పడుతోంది, ఆమె చూస్తూనే ఉంది పడటాన్ని, అన్నా, అంది, నేను మొన్న వచ్చినప్పుడు సరేలే అంటివి గదా, అంది, ఎందుకు అడిగిందో, అడక్కుండా ఉండాల్సింది, అడక్కుండా ఉంటే ఆ సరేలే తన దగ్గరే ఉండేది, యెప్పుడొస్తివి, అన్నాడు అన్న, నొసలు చిట్లించి, నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడు పాపం, ఓ, ఆ పొద్దా, వచ్చినావు వచ్చినావు, వనజ చెప్పింది ఏడ్చిపోయినావని, నేను సేటుతో ఫోన్లో ఉంటి గదా, వాడు గంట సేపు తిడతా ఉంటే సరేలే సరేలే అంటా ఉంటి, నువ్వేమంటివో నాకు ఇనబడనేలేదు తల్లీ, ఏమడిగినావు, అన్నాడు, ప్రేమగా, తల్లీ అని, ఏమీ లేదన్నా, ఊరికే, మజ్జిగ తెస్తా ఉండు, అంది.

మజ్జిగ కుండ దగ్గర వంటింట్లో గోడకి ఆనుకుంది, చల్లగా ఉంది గోడ, మజ్జిగ, ఉప్పు, కరివేపాకు, ఏమి తేవాలని వచ్చింది, తల మీద చెయ్యి పెట్టాడు కదా, నిమిరాడు కదా, ఆ చెయ్యి అబద్ధమా, ఫోన్లో మాట్లాడుతూ పిల్లిని నిమిరినట్టు నిమిరాడా, పిల్లి వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే ఎవరైనా నిమురుతారు, మండపంలో ఆడవాళ్ల వైపు చూశాడు కదా, అది ఎవరిని చూశాడు, తలుపు వైపు చూశాడేమో, లారీ కదిలిందని ఎవరైనా వచ్చి చెప్తారేమోనని, చిన్నప్పుడు చంద్రగిరి కోటకి బడిపిల్లల్ని తీసుకెళ్లినప్పుడు తను తప్పిపోయింది, రాజమహలు వెనక ఎక్కడో గోడ పక్కన ఒక్కతే కూర్చుని ఉంటే అన్న వెతుక్కుంటూ వచ్చాడు, పై తరగతి పిల్లాడు, భువనా భువనా అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, దొరకగానే చెంప మీద కొట్టి తనే బోరుమని ఏడ్చాడు, నువ్వు లేకుంటే నాయనకి నేనేమి చెప్పేది అని, ఆ పిల్లాడు నా ఏడుపు గోడల అవతల నుంచి విన్నాడు, ఇప్పటి అన్న, కాళ్ల దగ్గర కూర్చుని ఏడిస్తే వినలేదు, వినబడనేలేదు తల్లీ, అన్నాడు, వినబడి కాదని అని ఉంటే, పో పోవే, నేను తీసుకునే తీరతా అని అని ఉంటే, ఇంత కోత ఉండేది కాదేమో, కాదన్నవాడితో పోట్లాడొచ్చు, మళ్లీ వెళ్లి ఏడవొచ్చు, నాకోసం తగ్గలేదు, సరే, కనీసం నాకోసం ఒక్క క్షణం ఆలోచించలేదు, గీతలు గీయించిననాడు కూడా, అక్కడ నా చెల్లెలు నూలు ఆరేస్తుంది అని ఒక్కసారి, ఒక్కసారి, గ్లాసులో పోసిన మజ్జిగలో కన్నీళ్లు పడుతున్నాయి, ఉప్పు ఎక్కువైనా అన్నకి ఫరవాలేదు, ఆ గ్లాసు పక్కన పెట్టేసి మళ్లీ వేరే గ్లాసులో మజ్జిగ పోసింది, ముక్కు తుడుచుకుంది, ధనశేఖర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో, నువ్వు వాళ్లింటికి పోయినావా, అన్నాడు మెల్లగా, తల ఊపింది, నాతో చెప్పలేదే అని ఆయన అడగలేదు, ఎడమచేత్తో గ్లాసు తీసుకుని, నేనిస్తాలే, నువ్వు ఆడ కూర్చో, అని తనే తీసుకెళ్లాడు, అప్పుడు తెగింది గుండె, అన్న మాటకి కాదు, ఆ ఎడమచేతిలో మజ్జిగ గ్లాసు తొణక్కుండా పోవడం చూసి.

మధ్యాహ్నం ఎండ వాకిట్లో కణకణలాడుతోంది, పక్కిళ్లలో మగ్గాలు టకటక మళ్లీ మొదలయ్యాయి, అన్న తేన్పు తేన్చి లేచాడు, కారు వచ్చి ఆగింది, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, ఒక పని మాత్రం చెయ్యాల బావా, నీళ్ల విషయం నిదానంగా మాట్లాడుకుందాం, ఆ గీతలు అట్లే ఉండనీలే ఇప్పటికి, అన్నాడు, ధనశేఖర్, వాన పడితే పోతాయప్పా, అన్నాడు, అంతే అన్నాడు, గొంతు పెంచలేదు, అన్న ఒక క్షణం ఆయన వైపు చూసి నవ్వేశాడు, ఈమె వైపు తిరిగాడు, ఏం భువనా, మొగం అట్ట పెట్టుకున్నావు, ఇంక దిగులేందిమ్మా, మన జాగా యాడికీ పోదులే, అన్నాడు, బుగ్గ మీద చిన్నగా తట్టాడు, చిన్నప్పటి తట్టడమే, అదే చెయ్యి, మా జాగా అన్నా, అంది భువనేశ్వరి, కోపంగా అనలేదు, ఎదురు చెప్పాలనీ అనలేదు, నోట్లోంచి అట్లా వచ్చేసింది, పక్కింటావిడ ఊరి పేరు తప్పు చెప్తే సరిచేసినట్టు వచ్చింది, అన్న ఆ, అదేలే, అన్నాడు, కారెక్కాడు, అద్దం దించి చెయ్యి ఊపాడు, తనూ ఊపింది, దుమ్ము లేచి సద్దుమణిగింది, ధనశేఖర్ లోపలికి వెళ్లి మగ్గం వేశాడు, తను వాకిట్లోనే నిలబడి ఉంది, పళ్లేలు తియ్యాలి, చాప మీద పులుసు మరక కడగాలి, కొండకి నడిచి వస్తానని మొక్కుకుంది, పోవాలి, ఎవరికోసం తగ్గినా మొక్కు మొక్కే కదా, కానీ ముందు ఇది, ఇది ఏమిటి, మన అని వాడు అన్నప్పుడు దాంట్లో చెల్లెలూ ఉన్నట్టు వాడికి అనిపించిందేమో, నిజంగానే అనిపించిందేమో, పాపం, వాడికి తెలియదు, తనకే ఇప్పుడు తెలిసింది, మా అని తను అన్నప్పుడు ధనశేఖర్ ఉన్నాడు దాంట్లో, జ్ఞానాంబ ఉంది, గీతల మధ్య నిలబడిన జయరామయ్య తాత ఉన్నాడు, నీళ్ల దగ్గర మొహం తిప్పుకున్న ఆడవాళ్లు కూడా ఉన్నారు, అన్న లేడు, తను తోసెయ్యలేదు, తలుపు వెయ్యలేదు, కోపం కూడా రాలేదు, వాడు మళ్లీ వస్తాడు, సంగటి చేస్తుంది, ఉప్పు సరిచూసి పెడుతుంది, బొట్టు పెట్టి చీర పెడితే కళ్లకద్దుకుని తీసుకుంటుంది, అన్నా అని పిలుస్తుంది, అన్నీ చేస్తుంది, ఆ ఒక్క మాట తప్ప, ఇక మీదట వాడితో మాట్లాడేటప్పుడు మన అనే మాట తన నోటికి రాదని, ఎంత వెతుక్కున్నా రాదని, ఎండలో నిలబడి భువనేశ్వరికి తెలిసిపోయింది.